డాక్టరమ్మగారి కారు బొంత

ముందుగా చదివేవారికి ఒక మనవి. నాకు అక్షరాలు వచ్చింది మనవల్ని ఎత్తుకున్నాకనే. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా మాట పూర్తిగా వినవు. చెయ్యి కూడా నిదానం. ఒక కాగితం నిండేలోపు పొయ్యి మీద అన్నం అడుగంటుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి. పోయినవారం కథని గేదె దగ్గర వదిలేసినందుకు కోప్పడినవాళ్ళు కూడా మన్నించండి. ఈ వారం ఆ గేదె దగ్గర్నించే మొదలెడతాను.

రాజోలు కాలవగట్టు మీద అద్దె ఇంట్లో ఆసుపత్రి పెట్టిన డాక్టరు సత్యవేణిగారు మీకు తెలుసు. అక్కడ ఆయాగా పనిచేసే ఎలీసమ్మా తెలుసు. సత్యవేణిగారి నాన్నగారు, కొత్తపేట కాశీవిశ్వనాథంగారు, తన ముదురునీలం అంబాసిడర్ కారుని కూతురికిచ్చి పంపేరు. ఆవిడ తనే తోలుకుంటూ సముద్రపొడ్డు ఊళ్ళన్నిటికీ పురుళ్ళకి వెళ్ళేది. కానీ ఆయన ఊరికే ఇవ్వలేదు. ఒక మాట పుచ్చుకుని ఇచ్చేరు.

"ఈ కారు నేనెలా ఇచ్చేనో అలా ఉన్నంతకాలం నువ్వక్కడ ఉండు. దాని రంగు చెడిందంటే, దాన్నీ చూసుకోలేకపోతున్నావు, నిన్నూ చూసుకోలేకపోతున్నావని నాకు తెలిసిపోతుంది. వచ్చి తీసుకుపోతాను. దానెనక నువ్వూ ఇంటికి రావాలి."

కూతురు సరేనంది. ఆ మాట ఎలీసమ్మ చెవిని కూడా పడింది.

మొన్నటి గాలివానకి కారు మీదున్న తాటాకు పాక లేచి కాలవలో పడింది. ఆ గాలికి ఊళ్ళో కప్పు మిగిలిన ఇల్లు లేదు. దొరికిన ఆకు దొరికినట్టు తెచ్చి ముందు కారుకి కప్పుతామంటే డాక్టరమ్మగారు ఒప్పుకోలేదు. "మనుషులు తడుస్తుంటే కారుకి పాకేమిటి?" అన్నారు. దాంతో కారు ఆకాశం కింద ఉండిపోయింది. పైనించి మంచు, సముద్రం వైపు నించి ఉప్పుగాలి, కొబ్బరిచెట్ల పూత, కాకుల రెట్ట. ఆవిడ చేతిలో పురుడు పోసుకున్న ఆడవాళ్ళంతా కూడబలుక్కుని తలా ఒక పాతచీర తెచ్చిచ్చేరు. ఎలీసమ్మ వాటన్నిటినీ కలిపి కారంత బొంత కుట్టించింది. కప్పిన మర్నాడు తెల్లారి తలుపు తీసేసరికి, బుచ్చిరాజుగారి గేదె బొంత పైకెత్తి, కారుని తన దూడని నాకినట్టు నాకుతోంది.

అక్కడే ఆగేం.

ఎలీసమ్మ చీపురు తిరగేసి గేదెని తోలింది. అది రెండడుగులు వెనక్కేసి, నేనేం తప్పు చేసేనన్నట్టు నిలబడి చూసింది. ఎలీసమ్మ బొంత లాగింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే చర్రుమని ఊడొచ్చింది. కింద కనపడిన దానికి ఆవిడ చేతిలో చీపురు జారిపోయింది.

నీలం రంగు మీద తెల్లటి మచ్చలు. బొబ్బర్లంతవి కొన్ని, అట్లంతవి కొన్ని. వాటి మధ్య, గేదె నాలుక తిరిగిన చోటల్లా వంకర గీతలు. నిన్నటిదాకా ముఖం చూసుకునేలా ఉన్న బానెట్టు ఇప్పుడు గచ్చునేలలా ఉంది.

ఏడవడానికి ఆవిడకి తీరిక లేదు. లోపల పురుడు జరుగుతోంది. చుక్క పొడవకుండానే కేశనపల్లి నించి ఎడ్లబండి మీద తొలికాన్పు పిల్లని తెచ్చేరు. కూడా ఆ పిల్ల అమ్మమ్మ వచ్చింది. ఆ ముసలావిడ మనవరాలి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మగారు అప్పుడు లోపలికెళ్ళినవారు మళ్ళీ బయటికి రాలేదు. కారు సంగతి ఆవిడకింకా తెలీదు. ఎలీసమ్మ వేన్నీళ్ళు లోపలికి అందిస్తూ, మధ్యలో వచ్చి కారు చూసుకుంటూ, "ప్రభువా, ఈ మచ్చలు పోయే దారి చూపించు, ఇంకేం అడగను" అనుకుంటూ తిరుగుతోంది.

అప్పుడే కొత్తపేట నించి గన్నవరం మీదుగా వచ్చే బస్సు గట్టు మీద ఆగింది. దాంట్లోంచి తెల్లటి పంచె, కండువా, చేతిలో గొడుగు ముందు దిగేయి. వాటెనక కాశీవిశ్వనాథంగారు దిగేరు.

ఎలీసమ్మ చేతిలో గిన్నె అక్కడే పెట్టేసి పరుగున వెళ్ళి కారు ముందు నిలబడింది. చీర చెంగు రెండు చేతులా పరిచింది. ఆవిడెంత, కారెంత.

"ఏం ఎలీసమ్మా, బావున్నావా?"

"ఆయ్, మీ దయండి బాబుగారండి."

"అమ్మాయేదీ?"

"లోపల పురుడండి. కేశనపల్లి పిల్లండి. మీరలా అరుగు మీద కూర్చోండి, కాఫీ పెట్టుకొస్తాను."

"పెడుదువుగాని. కారుకి అడ్డంగా అలా నిలబడ్డావేం? ఫొటో తీసేవాడెవడైనా వస్తున్నాడా?"

"లేదండి. ఎండండి."

"ఎండ నీ వీపు మీదుంది. పక్కకి జరుగు."

జరక్క తప్పింది కాదు.

కాశీవిశ్వనాథంగారు అరిచే మనిషి కాదు. అరిచే మనిషైతే ఎలీసమ్మకి అంత భయం ఉండేది కాదు. అరుపు అయిపోయేక మాటాడుకోవచ్చు. ఈయన అరవరు. గొడుగు అరుగుకి ఆనించేరు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. కారు చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగేరు. వేలితో ఒక తెల్లమచ్చ గీకబోయి, గీకకుండా ఆగి, చెమ్మ ఉన్నచోట వేలద్ది వాసన చూసేరు.

"గంజి" అన్నారు.

"ఆయ్."

"కారుకి గంజెవరు పెట్టేరు?"

"కారుక్కాదండి. బొంతకండి."

"బొంతకి గంజేమిటి? నా అరవయ్యేళ్ళ బతుకులో బొంతకి గంజిపెట్టిన మనిషిని చూళ్ళేదు."

"పసిబిడ్డకైతే పెట్టమండి. మెత్తగా ఉండాలండి. ఇది డాక్టరమ్మగారి కారండి బాబుగారండి. మెత్తటి బొంత కప్పితే సైకిలు మీద పాతగుడ్డ పడేసినట్టుంటుందండి. పెద్దవాళ్ళకి ఇచ్చేది ఏదైనా ఉతికి గంజిపెట్టి ఇస్తాం కదండి. అందుకని మొత్తం కుట్టేక గాబులో ముంచి నేనే పెట్టించేను. ఇస్త్రీ బట్టలా నిలబడాలని."

"నిలబడిందా?"

"నిలబడిందండి. మంచు పడేదాకా."

ఆయన ముఖంలో ఏదో కదిలింది. కోపమో మరొకటో ఎలీసమ్మకి తెలియలేదు.

"ఈ గీతలేమిటి?"

"గేదండి. కుడితి తొట్టనుకుందండి."

ఆయన కండువాతో మెడ తుడుచుకున్నారు. "చూడు ఎలీసమ్మా. వాన పడ్డా కారుకేం కాదు. పడుతుంది, ఎండొస్తే ఆరిపోతుంది. తడిసిన బట్ట కప్పి ఉంచడం ఉందే, అది వేరు. తడిచీర కట్టుకుని పొద్దస్తమానం కూర్చుంటే నీ ఒళ్ళేమవుతుంది? దానికీ అంతే. చెమ్మ కిందనే ఉండిపోయి రంగు ఉబ్బుతుంది. మీరేమో చెమ్మకి తోడు గంజి కూడా పోసేరు. ఉప్పుగాలి ఉండనే ఉంది. నేను దీన్ని పదేళ్ళు నా చేతుల్తో తుడుచుకున్నాను. ఇలా మీరొక్క పూటలో..." అని ఆగి, చెయ్యి చాపేరు. "తాళం ఇలా ఇయ్యి."

ఎలీసమ్మ చెయ్యి తనకి తెలియకుండానే కొంగు ముడి మీదకి పోయింది. కారు తాళం ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఏ వేళ ఎవరొచ్చి పిలిచినా వెతుక్కోకుండా డాక్టరమ్మగారి చేతిలో పెట్టడానికి.

తాళం ఇచ్చేస్తే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. కారు గన్నవరం దాటుతుంది. ఇచ్చిన మాటకి కట్టుబడే మనిషి డాక్టరమ్మగారు, పెట్టె సర్దుకుంటారు. ఆ తర్వాత కేశనపల్లి నించైనా అంతర్వేది నించైనా నొప్పులొచ్చిన పిల్లలు ఎడ్లబండి మీద రావాలి. వచ్చినా, ఇక్కడ తలుపు తీసేవాళ్ళుండరు. ఆ దారిలో ఎంతమంది మధ్యలోనే పోయేరో ఎలీసమ్మ తన చిన్నప్పట్నించీ చూసింది.

"డాక్టరమ్మగారు బయటికి రానివ్వండి బాబుగారండి. ఆవిడ చేతిలో పెడతాను. ఆవిడ మీ చేతిలో పెడతారు."

"కారు నాది."

"కారు మీదేనండి. కొంగు నాదండి."

అనేసేక గాని ఎలీసమ్మకి తను ఏమందో తెలియలేదు. కొత్తపేటలో ఆయన ఎదట నిలబడి అంతమాట అన్నవాళ్ళు ఎవరూ ఉండరు. నేల చూస్తూ నిలబడింది, ముడి మాత్రం వదల్లేదు.

ఈలోపు గేదె మళ్ళీ వచ్చింది. పొద్దున ఎలీసమ్మ దడి మీద పడేసిన బొంత అంచు నోట్లోకి తీసుకుంది. ఎలీసమ్మ కదిలేలోపే కాశీవిశ్వనాథంగారు గొడుగు తీసుకుని వెళ్ళి దాని మూతి మీద ఒక్కటిచ్చేరు.

"ఎవరిదిది? కట్టేసుకోరూ?"

"బుచ్చిరాజుగారిదండి. వాళ్ళ కోడలి చీర కూడా ఈ బొంతలో ఉందండి. అదిగో, ఆ ఎర్రంచు ముక్క. అందుకే దానికంత చనువు."

ఈసారి ఆయన మీసం కింద నవ్వు దాగలేదు. అది చూసి ఎలీసమ్మకి ధైర్యం వచ్చింది. మునుపెన్నడూ రానంత ధైర్యం.

"కారు తీసుకుపోతే పోదురుగానండి. తీసుకుపోయేముందు దీన్నొక్కసారి చూడండి. గంజి నా తప్పండి. చీరలు మాత్రం వాళ్ళవండి."

బొంతని దడి మీద బారుగా పరిచింది. చీరలన్నీ ఒకదాని పక్కన ఒకటి కలిసిన బట్ట. నేతవీ మిల్లువీ, అంచులు చిరిగినవీ రంగు వెలిసినవీ.

"ఇది వీరాయమ్మదండి. సఖినేటిపల్లి రేవులో చేపలమ్ముతుంది. దానికున్నవి రెండు చీరలండి. ఒకటిచ్చి, రెండోది ఆరేదాకా గుమ్మం దాటకుండా కూర్చుంది. వద్దన్నానండి. 'నాకు కవలలు బతికేరు, కారు ఎండలో ఉంటే నాకు నిద్రెలా పడుతుంది' అంది. ఇదేమో దుర్గమ్మగారిదండి. పెళ్ళయిన పదేళ్ళకి బిడ్డ. పట్టుచీరే ఇస్తానన్నారు, పట్టు జారిపోతుందని నేనే వద్దన్నాను. ఈ గళ్ళది మా అమ్మాయి సత్యవతిదండి."

"నీ కూతురా?"

"ఆయ్. మీ కారులోనే పురుడు పోసుకుందండి. శివకోడు దాటేసరికి ఇంక ఆగలేదు. డాక్టరమ్మగారు కారు పక్కకి ఆపి, దీపాలు వేసి, వెనకసీటు మీదే కానిచ్చేరు. నేను తలుపు పట్టుకుని నిలబడి స్తోత్రాలు చెప్పుకుంటున్నాను. వాడికి యేసురత్నమని బాప్తిస్మం ఇప్పించేమండి. ఆ పేరు ఒక్కరూ పిలవరు. కారుబాబు అంటారు. బాప్తిస్మం ఇచ్చిన గురువుగారు కూడా కారుబాబే అంటున్నారు."

"నా సీటు మీదా?"

"కడిగేసేమండి. గంజి పెట్టలేదు."

కాశీవిశ్వనాథంగారు పెద్దగానే నవ్వేరు. నవ్వుతూ దడి పక్కనే నడిచేరు, ఒక్కొక్క ముక్కా చూసుకుంటూ. మధ్యలోకి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

గంధం రంగు నేతచీర. చిలకాకుపచ్చ అంచు. బండారులంక మగ్గం మీద నేసినట్టుంది. ఒకచోట వేలు దూరేంత చిల్లు ఉంటే, దాన్ని మూసి మామిడిపిందెలా కుట్టిన కుట్టు ఒకటి ఉంది. ఆకు కూడా ఉంది పిందెకి.

ఎలీసమ్మ ఆయన చూపు చూసి, "ఎవరు కుట్టేరో గానండి, ఎంత ముచ్చటగా ఉందో. అందుకే దీన్ని నడిమధ్యలో వేయించేను. ఎదరనించి వచ్చేవాళ్ళందరికీ కనపడుతుందని" అంది.

ఆయన గొడుగు చేతిలోంచి జారి గడ్డిలో పడింది. తీసుకోలేదు. వేలితో ఆ పిందె మీద నిమిరేరు. తర్వాత దడి పట్టుకుని, పట్టుకుని, వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"నిప్పు నాది" అన్నారు. "కుట్టు మా రమణమ్మది."

ఎలీసమ్మకి వెంటనే అర్థం కాలేదు. రమణమ్మగారంటే డాక్టరమ్మగారి తల్లి. రెండో కాన్పులో పోయేరని ఎప్పుడో ఒకసారి డాక్టరమ్మగారు చెప్పేరు. అంతకుమించి చెప్పలేదు, ఈవిడ అడగలేదు.

"కొత్త చీర. కట్టుకున్న రోజే నా చుట్ట నిప్పు రాలి చిల్లు పడింది. తిట్టలేదు. ఏమీ అనలేదు. కూర్చుని ఈ పిందె కుట్టి నాకు చూపించి, 'చూడండి, మీ చుట్ట కాపుకొచ్చింది' అంది. ఎవరింటికెళ్ళినా ఇదే చీర కట్టుకుని అందరికీ ఆ కథే చెప్పేది." ఆయన కళ్ళజోడు తీసేరు. ఈసారి తుడుచుకున్నది కళ్ళజోడు కాదు. "కడసారి ఒంటి మీదున్నదీ ఇదే."

లోపల్నించి డాక్టరమ్మగారి గొంతు వినపడింది. "ఇంకొక్కసారమ్మా, ఇంకొక్కసారి." ఆ గొంతు విని ఆయన తలెత్తేరు. కూతురు పనిలో ఉండగా ఆవిడ గొంతు ఆయన ఎప్పుడూ విని ఉండరు. చాలాసేపు అలాగే విన్నారు.

తర్వాత లేచి, కండువా తీసి అరుగు మీద పెట్టి, పంచె ఎగగట్టుకున్నారు. "గోరువెచ్చటి నీళ్ళున్నాయా?"

"కాగుతూనే ఉన్నాయండి."

"చన్నీళ్ళు కలిపి తే. మెత్తటి గుడ్డ కూడా. సబ్బొద్దు."

ఎలీసమ్మ తెచ్చింది. తను చేస్తానంటే ఒప్పుకోలేదు. కొత్తపేటలో ఆయన వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు ఇప్పుడాయన్ని చూస్తే ఏమనేవారో గాని, ఆ పెద్దమనిషి మడమల దాకా బురదలో నిలబడి చెంబుతో నీళ్ళు పోసేరు. పోసి, ఆగేరు.

"తొందరపడకూడదు. నీళ్ళు పోసి నాననివ్వాలి. గోటితో గీకితే గంజితోపాటు రంగూ లేస్తుంది. దుమ్ముంటే పొడిగుడ్డ అసలు పెట్టకూడదు, ఆ దుమ్మే గరగర గీసేస్తుంది. ముందు నీళ్ళు పోసి జారిపోనివ్వాలి. ఇక్కడ ఉప్పుగాలి కదా, రోజూ పొద్దున్నే మంచినీళ్ళతో కడిగి తుడవండి. కాకి రెట్ట పడితే పడినప్పుడే తీసెయ్యండి. మధ్యాన్నం చూద్దాంలే అంటే ఎండకి మచ్చ దిగబడిపోతుంది. కొబ్బరిచెట్టు కింద మాత్రం పెట్టకండి. ఒక్క కాయ రాలితే నీ బొంతా ఆపదు, నేనూ ఆపను."

"ఆయ్."

తెల్లమచ్చలు ఒక్కొక్కటీ మెత్తబడి, పాలలా జారి, కాలవ వైపు పోయేయి. గేదె దూరం నించి అటు చూస్తూ నిట్టూర్చింది. కింద నీలం రంగు అలాగే ఉంది. ఎలీసమ్మ లోపల ఏదో ముడి విడిపోయినట్టయింది. గేదె గీతలు మాత్రం పోలేదు. ఆయన వంగి వెలుతురుకి వారగా చూసేరు.

"రంగు పోలేదు. మెరుపు పోయింది. మైనం పెట్టి రుద్దితే కొంత వస్తుంది. రాకపోతే..." అని, దడి మీద బొంత వైపు చూసి, "రాకపోతే ఉండనీ" అన్నారు.

"మరి బొంత కప్పొద్దాండి?"

"కప్పండి. కారు మీద కాదు. మంచానికి దోమతెర కట్టినట్టు నాలుగు వెదురుబొంగులు పాతి, పైన కట్టండి. కారుకి తగలకూడదు. మంచు బొంత మీద పడుతుంది, కింద గాలి ఆడుతుంది. పొద్దున్నే విప్పి దడి మీద ఎండెయ్యండి. ముందు గంజి పోయేదాకా ఉతకండి." కాస్త ఆగేరు. "ఆ పిందె ఉన్నచోట బండకేసి బాదకండి. చేత్తో పిండండి."

"చేత్తోనే పిండుతానండి బాబుగారండి. నేనే పిండుతాను."

కొంగు ముడి విప్పి తాళం తీసి, అరచేతిలో పెట్టి చాపింది. ఈసారి తనంతట తనే చాపింది. కారు ఆయనదని తెలీక కాదు ఇందాక ఇవ్వనిది.

ఆయన ఆ తాళం వైపు చూసేరు. తడిచేతులు పంచెకి తుడుచుకుని, "కొంగు నీదన్నావుగా. అక్కడే ఉండనీ" అన్నారు.

ఎలీసమ్మ మళ్ళీ ముడి వేసుకుంది. మనసులో ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంది. రెండు చీరల్లో ఒకటిచ్చిన వీరాయమ్మకి, ఎప్పుడో పిందె కుట్టిపోయిన ఆ మహాతల్లికి చెప్పుకుంది. చివర్న, దడి అవతల నెమరేస్తున్న గేదెక్కూడా చెప్పుకుంది. అది నాకకపోతే ఈయన ఈ బొంత వైపు తిరిగి చూసేవారే కాదు.

ఆయన మళ్ళీ దడి దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

"పురిటిచీర మంత్రసానికిచ్చెయ్యడం మా ఇంట్లో ఆచారం. తల్లి బతికినా, పోయినా. ఆ రోజు అలాగే ఇచ్చేం. ఇది ఇక్కడికెలా వచ్చింది? ఎవరు తెచ్చేరు?"

"ఒక మామ్మండి. కాలవ దాటొచ్చి, మడతపెట్టి నా చేతిలో పెట్టింది. పేరడిగితే చెప్పలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు మీద చెయ్యేసి, 'ఆ రోజు ఇది ఉన్నా బాగుండును' అంది. అంతేనండి. వెళ్ళిపోయింది."

"ఏ ఊరు?"

"కేశనపల్లండి" అంది ఎలీసమ్మ. అనగానే ఆవిడకి గుర్తొచ్చింది. వేన్నీళ్ళు మోసే హడావిడిలో పొద్దుట్నించీ తట్టలేదు. లోపల మనవరాలి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఆ మామ్మే.

చెబుదామని నోరు తెరిచేలోపు లోపల బిడ్డ ఏడ్చింది. గట్టిగా, గట్టు మీద పోయేవాళ్ళకి కూడా వినపడేలా. కాసేపటికి తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మగారు మోచేతుల దాకా తడితో బయటికొచ్చేరు. జుట్టంతా నుదుటికి అంటుకుని ఉంది.

"ఆడపిల్ల, ఎలీసమ్మగారూ. తల్లీ బిడ్డా..." అంటూ తండ్రిని చూసి ఆగేరు. "నాన్నా. మీరెప్పుడొచ్చేరు? ఆ గుడ్డేమిటి చేతిలో? కాళ్ళకా బురదేమిటి?"

ఆయన కూతురి మాట విన్నట్టు లేదు. ఆవిడ భుజం వెనక, గుమ్మం పట్టుకుని నిలబడిన ముసలావిడనే చూస్తున్నారు. ముగ్గుబుట్టలాంటి తల, వంగిన నడుము, ఒక చేత్తో గుండెకి హత్తుకున్న, గుడ్డలో చుట్టిన బిడ్డ. ఆవిడ ముందు దడి మీద బొంతని చూసింది. తర్వాత ఆయన్ని చూసింది. ఏమీ ఆశ్చర్యపడలేదు.

"మంత్రసాని సుబ్బాయమ్మ" అన్నారు కాశీవిశ్వనాథంగారు. ఆయన చేతిలో తడిగుడ్డ నించి నీళ్ళు ఆయన పాదాల మీదే కారుతున్నాయి.

"ఆయ్, నేనేనండి బాబూ. బతికే ఉన్నాను." ముసలావిడ గొంతులో కోపం లేదు. నిదానంగా మెట్టు దిగి వచ్చి, బిడ్డని ఎలీసమ్మ చేతుల్లో పెట్టింది. "మీ అమ్మాయిగారు ఈ పూట నా మనవరాల్ని నిలబెట్టేరు. ఆ చేతులకి నేనేం ఇచ్చుకోగలను? నా దగ్గరున్న ఆ చీర ఒక్కటీ ముందే ఇచ్చేసేను. ఇంక మిగిలింది ఒక మాట. ఆ రోజు మీ వాకిట్లో నిలబడి నేను మీతో అన్న మాట. అది మీ అమ్మాయిగారికి ఎప్పుడైనా చెప్పేరా బాబూ?"

ఆయన తల దించుకుని చేతిలో గుడ్డ పిండేరు.

"చెప్పకపోతే, బిడ్డకి నీళ్ళు పోసేలోపు మీరే చెప్పండి. మీ నోట వస్తే నిజంలా ఉంటుంది. నా నోట వస్తే నిందలా ఉంటుంది."

డాక్టరమ్మగారు ముసలావిడ వైపు చూసి, దడి మీద గంధం రంగు చీర వైపు చూసి, తండ్రి దగ్గరికి ఒక అడుగు వేసేరు.

"ఏ మాట నాన్నా?"

ఈ వారానికి ఇక్కడ ఆగుతాను.

సుందరమ్మ
వయసు అరవయ్యేడు
ఇప్పుడు ఉంటున్నది అల్లవరంలో, పెద్దకూతురి ఇంట